శాలువా కప్పుతామని పిలిచాను

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చూసేవాళ్ళకు అట్లా కనిపించను. కాలేజీలో పాఠం చెబుతాను. సభలకు పిలిస్తే వెళ్తాను, మైకు అందుకుంటాను. మాట్లాడి దిగాక ఆడపిల్లలు చుట్టూ చేరి ఫోటోలు దిగుతారు. అప్పుడు కూడా నవ్వుతూనే ఉంటాను. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

మీలో కొందరు నా మాటలు విని ఉండవచ్చు. నేను తరచుగా చెప్పే సంఘటన ఒకటుంది. అన్యాయానికి గురైన ఒక స్త్రీ తనంతట తానే యూనివర్సిటీకి వచ్చి, తన కథను దొంగిలించిన వాణ్ణి నిండు సభలో తలెత్తుకోకుండా చేసిందని చెబుతాను. అది విని చప్పట్లు కొట్టినవాళ్ళుంటే దయచేసి ఆ చప్పట్లు వెనక్కి తీసుకోండి. ఆమె తనంతట తాను రాలేదు.

నా పేరు చెప్పను. మిగతా పేర్లు మార్చాను. పేరు మార్చినంత మాత్రాన మనిషిని దాచినట్టు కాదని నాకు బాగా తెలుసు. ఎందుకు తెలుసో చదివితే మీకే అర్థమవుతుంది.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. నాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. మాలవాళ్ళం, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. తిరుపతిలో లా చదివి అక్కడే పీహెచ్‌డీలో చేరాను. కులం, ఆడపుట్టుక, చట్టం, ఈ మూడూ ఒకే మనిషి మీద కలిసి పడితే కోర్టు ఆ మనిషి మాట ఎట్లా వింటుందన్నది నా పరిశోధన. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళ సాక్ష్యాన్ని అక్కడి న్యాయస్థానాలు ఎంత తేలిగ్గా కొట్టిపారేశాయో చదివాను. దూరదేశపు సంగతి అనిపించలేదు. మన దగ్గరి పాత తీర్పుల్లో అవే మాటలు మన పేర్లతో కనిపించాయి. ఆలస్యంగా ఫిర్యాదు చేసింది కాబట్టి నమ్మలేం. ఏడవలేదు కాబట్టి నమ్మలేం. మరీ ఏడ్చింది కాబట్టి నమ్మలేం. చదువుతుంటే పళ్ళు కొరుక్కునేదాన్ని. నాకు కోపం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే.

మునెమ్మ నాకు ఆ వెతుకులాటలోనే దొరికింది. ఆమె పెళ్ళికి ముందు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేది. అక్కడి సూపర్‌వైజరు ఆమె మీద అత్యాచారం చేశాడు. ఆమె మాదిగ ఇంటి పిల్ల, వాడు ఊళ్ళో పెద్దింటివాడు. అయినా ధైర్యం చేసి కేసు పెట్టింది. సాక్షులు మాట మార్చారు. పెద్దమనుషులు కూర్చుని రాజీ అన్నారు. కోర్టులో కేసు పోయింది. ఆమె ఊరు వదిలి తిరుపతి చేరింది. కొన్నాళ్ళకు ఆటో నడిపే చెంగయ్యను పెళ్ళి చేసుకుంది. ఆ కేసు వాదించిన ముసలి లాయరు ముందు ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే నన్ను ఆ ఇంటికి పంపాడు.

ఆమె ఇంటి ముందు వసారాలో చింతపండు కొట్టి గింజ తీసే పని చేసేది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని. చుట్టూ చింతపండు కుప్పలు, మధ్యలో ఆమె, ఎప్పుడు మూతి పెడదామా అని చూసే పక్కింటి మేక. ఎందుకు చెప్పడానికి ఒప్పుకున్నావక్కా అని మొదటి రోజే అడిగాను. కోర్టులో సగమే చెప్పనిచ్చారని, ఒక్కసారైనా ఎవరికో ఒకరికి పూర్తిగా చెప్పాలని ఉందని అంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. భర్తకు ఈ సంగతి తెలియదు. తెలియకూడదు. ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఆమె చెయ్యి చింతపండు జిగురుతో అంటుకుంది.

చెంగయ్యకు మాత్రం నేను చింతపండు పనివాళ్ళ కష్టాల గురించి రాస్తున్నానని చెప్పింది. అతను నమ్మాడు. తన ఇల్లాలి గురించి యూనివర్సిటీ పిల్ల రాస్తోందంటే అతనికి భలే గొప్పగా ఉండేది. సాయంత్రం నన్ను ఆటోలో ఎక్కించుకుని బస్టాండులో దింపేవాడు. అట్లా అతని నంబరు నా ఫోన్‌లోకి వచ్చింది.

ఇక గిరిధర్. నేను గిరన్న అని పిలిచేదాన్ని. ఒకే గైడు దగ్గర నాకంటే ముందు చేరినవాడు. చిత్తూరు వైపు భూములున్న కుటుంబం, నెమ్మదైన మాట, నన్ను "పాపా" అని పిలిచే చనువు. నా ఇంగ్లీషు అప్పట్లో కుంటుతూ నడిచేది. తను దిద్దిపెట్టేవాడు. మునెమ్మ మాటలను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఒకసారి చూడన్నా అని రికార్డింగులు, నేను రాసుకున్నవి అన్నీ ఇచ్చాను. ఆమెకు నేను పెట్టిన మారుపేరు సరోజ. చనిపోయిన మా చిన్నమ్మ పేరు అది.

తర్వాత ఒకరోజు గిరిధర్ థీసిస్ కాపీ మా గైడు టేబుల్ మీద ఉంటే ఊరికే తిరగేశాను. నాలుగో అధ్యాయంలో సరోజ ఉంది. నా సరోజ. మా చిన్నమ్మ పేరుతో సహా.

అడిగాను. కారిడార్‌లో నిలబెట్టి అడిగాను. అతను కంగారుపడి ఉంటే, తప్పయిపోయింది అని ఉంటే, ఈ కథ ఇక్కడే ఆగిపోయేదేమో. నవ్వాడు. "నీకేమి పాపా, నీకు కోటా ఉండాది, ఎట్లైనా ఉద్యోగమొస్తాది. నాకు ఇట్లాంటి చాప్టర్ లేకుంటే ఎవురిస్తారు చెప్పు?" అన్నాడు. అని, నా భుజం తట్టి, టీ తాగుదాం రా అన్నాడు.

గైడు సారు దగ్గరికి పోయాను. ఇద్దరూ నా పిల్లలే, డేటా అనేది అందరిదీ, అడ్జస్ట్ అవ్వమ్మా అన్నారు. ఆయన స్త్రీల హక్కుల మీద పుస్తకాలు రాసినవారు.

ఆ తర్వాత నేను మామూలు మనిషిగా లేను. తిన్నా అదే, పడుకున్నా అదే. లైబ్రరీలో గిరిధర్ ఎదురుపడితే నవ్వేదాన్ని. లోపల మాత్రం వీణ్ణి అందరి ముందూ నిలబెట్టాలి, వీడి అమ్మా నాన్నల ముందు నిలబెట్టాలి, వీడికి నోట మాట రాకూడదు అని జపంలా అనుకునేదాన్ని. నా రికార్డింగుల్లో నా గొంతే ఉంది. అది పట్టుకుని పై అధికారులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇస్తే ఏమయ్యేది? విచారణ అనేవాళ్ళు, నెలలు గడిపేవాళ్ళు, చివరికి ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. నాకు కాగితం వద్దు. వాడి మొహం కావాలి. ఈ తేడా నాకు అప్పుడే తెలుసు. తెలిసే చేశాను.

మా దగ్గర పీహెచ్‌డీ చివర్లో జరిగే వైవా, అంటే మౌఖిక పరీక్ష, ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. పేరుకు పరీక్షే గానీ నిజానికి అది శుభకార్యం. నోటీసు బోర్డులో అందరూ రావచ్చని పెడతారు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు ముందురోజు కొండ మీద దర్శనం చేయించడం విద్యార్థి బాధ్యత. తిరుపతి వైవా అంటే ఎగ్జామినర్లు అంత సంతోషంగా ఒప్పుకునేది అందుకే. చుట్టాలు పట్టుచీరలు కట్టుకుని వస్తారు. దండలుంటాయి, శాలువాలుంటాయి, మధ్యాహ్నం భోజనాలుంటాయి. చివర్లో చైర్మన్ ఎవరికైనా ప్రశ్నలుంటే అడగొచ్చు అంటారు. ఎవరూ అడగకపోతే బాగుండదని విద్యార్థే నలుగురు స్నేహితులకు ముందుగా ప్రశ్నలు పంచిపెడతాడు. వాళ్ళు లేచి అడుగుతారు, ఇతను బట్టీపట్టిన జవాబు చెబుతాడు.

గిరిధర్ నాకూ ఒక ప్రశ్న పంచాడు. ఒకే గైడు పిల్లలం, నువ్వు అడగకపోతే జనం వేరేగా అనుకుంటారు అన్నాడు. నన్ను దోచుకున్నవాడే నాకు మైకు ఇస్తానంటున్నాడు. సరేనన్నా అన్నాను. ఆ రోజు హాస్టల్‌లో చాలా కాలం తర్వాత ఆకలిగా అన్నం తిన్నాను.

ప్రశ్న చాలదు అనిపించింది. నేను లేచి ఇది నాది అంటే వాడు కాదంటాడు. గైడు వాడి వైపే ఉంటాడు. కోపిష్టి పిల్ల, అసూయ అంటారు. మునెమ్మ ఆ హాల్లో ఉంటే? వాడు ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేడు. అంతకంటే సాక్ష్యం ఏముంది?

మునెమ్మను అడిగాను, విషయం చెప్పకుండా. యూనివర్సిటీలో చిన్న సభ ఉంది, రా అక్కా అన్నాను. రానంది. పెద్దవాళ్ళ మధ్య నాకేం పని అంది. ఇంకోసారి అడిగాను. చేతిలోని చింతపండు పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూసి, వద్దు పాపా అంది. స్పష్టంగా చెప్పింది. అర్థం కాలేదని నేను చెప్పుకోలేను.

అప్పుడు నేను చెంగయ్యకు ఫోన్ చేశాను.

ఇదీ నేను ఇన్నేళ్ళూ దాచింది. ఈ వాక్యం రాయడానికి ఇంత దూరం తిరిగి వచ్చాను. అన్నా, మీ ఇంటామెకు యూనివర్సిటీలో శాలువా కప్పుతున్నాం, ముందే చెబితే సిగ్గుపడి రానంటుంది, నేను పిలిచానని చెప్పొద్దు, మీరే ఎట్లాగైనా తోలుకుని రండి అన్నాను. అతను సంతోషంతో రెండు మూడుసార్లు అవునా అని అడిగాడు. భర్త రమ్మంటే ఆమె ఎందుకు రానని చెబుతుంది? చెప్పాలంటే ఆ పాత సంగతంతా చెప్పాలి. చెప్పలేదు కాబట్టి వస్తుంది. ఆమె నాకు నమ్మి ఇచ్చిన రహస్యాన్నే ఆమె మెడకు కట్టి లాక్కొచ్చాను. ఇదంతా ఫోన్ చేసే ముందే ఆలోచించాను. ఆవేశంలో చేసిన పని కాదు.

చెంగయ్య అక్కడ ఉంటే అతనికి తెలిసిపోతుందని ఆలోచించలేదా? ఆలోచించాను. బయట ఆటో దగ్గరే ఉంటాడులే అనుకున్నాను. శాలువా కప్పుతారని పిలిస్తే ఏ మగడు బయట ఉంటాడు? అది నాకు తోచలేదంటే మీరు నమ్మవద్దు. తోచింది. పక్కకు తోసేశాను. వాడి మొహం చూడాలన్న ఆశ ముందు మునెమ్మ కాపురం నాకు చిన్నదిగా కనిపించింది.

వైవా రోజు మునెమ్మ, చెంగయ్య హాలు తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను ఎదురెళ్ళాను. చెంగయ్య నన్ను చూసి, మాట నిలబెట్టుకున్నట్టు కన్ను గీటి, కుర్చీలు చూడడానికి లోపలికి పోయాడు. మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటికో పట్టుబట్టి తోలుకొచ్చినాడు పాపా. ఈడ నా సంగతేమన్నా వస్తాదా?"

"రాదక్కా."

"నిజంగా రాదు గదా? ఆయన పక్కనే కూసోనుంటాడు."

"రాదని చెప్తిని గదక్కా. పో, కూసో."

ఆమె వెళ్ళి వెనక వరసలో భర్త పక్కన కూర్చుంది. ఆ క్షణంలో కూడా సమయం ఉంది. తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి పో అక్కా అంటే పోయేది. నేను ముందు వరసకు వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

గిరిధర్ సూటు వేసుకుని బాగా మాట్లాడాడు. ఎగ్జామినర్ ముందురోజే కొండ మీద గుండు చేయించుకుని వచ్చారు, తలకు ఇంకా గంధం ఉంది. అంతా ఇంగ్లీషులో సాగింది గానీ, నాలుగో అధ్యాయం దగ్గర సరోజ మాటలను తెర మీద తెలుగులోనే వేసి, మన యాసలోనే గొంతు వణికించి చదివాడు. ఫ్యాక్టరీ పేరు లేదు, ఊరి పేరు లేదు. కానీ ఆ రోజు ఏ చీర కట్టుకుందో, గుజ్జు డ్రమ్ముల వెనక ఏం జరిగిందో, రాజీకి ఒప్పుకోమని తండ్రి కాళ్ళు పట్టుకుంటే ఏమందో అన్నీ ఉన్నాయి. ఒకచోట ఆగి, ఇక్కడ ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయింది అని చెప్పి, అణగారిన స్త్రీ మౌనం గురించి పెద్ద సిద్ధాంతం చెప్పాడు. రికార్డింగులో ఆ చోట మునెమ్మ మేకను తోలడానికి లేచి వెళ్ళింది. నేను నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

ప్రశ్నల వంతు వచ్చింది. ఇద్దరు అడిగారు. నేను లేచాను. ఇచ్చిన ప్రశ్న అడగలేదు. సరోజమ్మను మీరు ఎక్కడ కలిశారు అని తెలుగులో అడిగాను. వాళ్ళింట్లోనే, చాలాసార్లు కలిశాను అన్నాడు. ఇప్పుడు కనిపిస్తే గుర్తుపడతారా అన్నాను. ఎందుకు పట్టను అన్నాడు, కొంచెం తగ్గిన గొంతుతో. ఆమె ఈ హాల్లోనే ఉన్నారు, చూపించండి అన్నాను.

హాలంతా వెనక్కి తిరిగింది. గిరిధర్ కళ్ళు వరస వరసా వెతకడం చూశాను. వాడి పిన్నమ్మలు, అత్తలు, పట్టుచీరలు, మల్లెపూలు. వాడికి దొరకలేదు. మిగతా వాళ్ళకు మాత్రం దొరికింది. ఎవరూ వేలు చూపించక్కర్లేకపోయింది. అంతమంది ఆడవాళ్ళలో సరోజ ఎవరో ఆమె చీర చెప్పింది, ఒంటి రంగు చెప్పింది, కుర్చీ అంచున ముడుచుకుని కూర్చున్న తీరు చెప్పింది. కులం చూపించింది. నా థీసిస్ అంతా ఈ చూపు మీదే. ఆ చూపులన్నీ ఆమె మీద పడేట్టు చేసింది నేను.

ఎగ్జామినర్ నెమ్మదిగా, అమ్మా, ఈయన మీకు తెలుసా అని అడిగారు. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అంతే. ఆమె చేసింది అంతే. దాన్నే నేను ఇన్నేళ్ళూ లేచి నిలబడింది, నిలదీసింది అని చెబుతూ వచ్చాను.

గిరిధర్ మొహం చూశాను. కోరుకున్నట్టే ఉంది. నోరు తెరిచాడు, మాట రాలేదు. వాళ్ళమ్మ ఏమైంది ఏమైంది అని పక్కవాళ్ళను అడుగుతోంది. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా ఆ ఒక్క మొహం వరకూ నాకు పశ్చాత్తాపం లేదు. వాడికి అది తగినదే.

జనం లేచి గోల మొదలయ్యాక చెంగయ్య నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు.

"ఇంట్లో చెప్పుంటే ఇద్దురం ఏడ్సి ఊరుకుండేవాళ్ళం గదమ్మా. శాలువా అని పిలిచి, ఇంతమందిలో నాకు చెప్పిస్తివే."

 బయటికి పోయాడు. మునెమ్మ వెనకాలే పరుగెత్తింది. ఆటో వెళ్ళిపోయిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఆమె ఒక్కతే గేటు వైపు నడుస్తోంది. నేను వెళ్ళి తోడు నడవలేదు. నా చుట్టూ స్నేహితులు, చేతులు కలిపేవాళ్ళు, భలే చేశావు అనేవాళ్ళు. తర్వాత గిరిధర్ ఏర్పాటు చేసిన భోజనం ఎవరూ తినకుండా మిగిలిపోతే, నేను విస్తరి వేసుకుని కూర్చుని తిన్నాను. కడుపు నిండా తిన్నాను.

విచారణ జరిగింది. గిరిధర్‌కు డిగ్రీ రాలేదు. ఇప్పుడు చిత్తూరులో మామిడి వ్యాపారం చేస్తున్నాడని విన్నాను. విచారణలో ఆ స్త్రీ తన ఇష్టంతోనే వచ్చిందా అని నన్ను అడిగారు. అవును, నిజం బయటపెట్టాలని తనే వస్తానంది అని చెప్పాను. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరన్నది బయటపెట్టడం నేరమని నేను చదివిన చట్టమే చెబుతుంది. ఆ నేరం నా మీదికి రాకూడదని అబద్ధం చెప్పాను. తర్వాత ఆ అబద్ధమే నా పేరయింది.

చెంగయ్య ఇంటికి రాలేదు. నాయుడుపేటలో అక్క దగ్గర ఉంటూ ఏదో కంపెనీ వ్యాను నడుపుతున్నాడని తెలిసింది. కొంతకాలం తర్వాత ధైర్యం చేసి మునెమ్మను చూడడానికి పోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మంచినీళ్ళిచ్చింది. నా మాటలు దొంగిలించినోణ్ణి చూసిన కోపంలో నోరు జారినావు, నాకు తెలీదా, నేను ఆడుంటిని కాబట్టి నీకు ఆ మాటొచ్చింది, అని నాకే సర్దిచెప్పింది. ఆమె మంట అంతా భర్త మీద.

"ఆయప్పకు ఎప్పుట్నుంచో అనుమానం ఉన్నట్టుండాది పాపా. యాడో విన్నాడు. అందుకే రానన్నా ఇనకుండా తోలుకొచ్చి, నలుగురిలో నన్ను సూపించి పోయినాడు. నేనింకా మంచోడనుకుంటిని."

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. అక్కా, ఆయనకు ఏమీ తెలియదు, నేను పిలిచాను అంటే చాలు. నోటి దాకా వచ్చింది. చెబితే ఆమె నన్ను ఏమంటుంది? విచారణ మళ్ళీ తెరుస్తారా? నా డిగ్రీ ఏమవుతుంది? నాయనకు ఏమని చెప్పాలి? నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాను. అవునక్కా, మగవాళ్ళు అంతే అన్నాను.

మగవాళ్ళు అంతే! ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీ కేసులో సాక్షులు చూసింది చూడలేదన్నారు. నేను అంతకంటే ముందుకు పోయి, ఏ తప్పూ చేయని మనిషి మీదికి నా తప్పును తోశాను. ఆ సాక్షులను నా థీసిస్‌లో పేజీల కొద్దీ దుయ్యబట్టాను. వాళ్ళకైనా పెద్దింటివాళ్ళ భయం ఉంది. నాకు ఏ భయం ఉంది? ఉద్యోగం. నలుగురిలో పేరు. గిరిధర్ కూడా కారిడార్‌లో అదే కదా చెప్పాడు, నాకు చాప్టర్ కావాలని? వాడికీ నాకూ ఉన్న తేడా ఏమిటని ఎన్నోసార్లు వెతికాను. వాడు ఆమె మాటలు తీసుకున్నాడు. నేను ఆమె మనిషిని తీసుకున్నాను.

ఈ మధ్య ఒక సభలో అదే కథ చెప్పి దిగాక ఒక పిల్ల వచ్చింది. మేడమ్, ఆ అమ్మ ఇప్పుడు ఎట్లా ఉంది అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బాగుందమ్మా అన్నాను.  ఆమె బాగుందో లేదో నాకు తెలియదు. కనుక్కోవడం మానేసి చాలా కాలమైంది.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక మునెమ్మకు ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టి, పాపా, బాగుండావా అంది. ఆమెను ఇంకేమీ మాట్లాడనివ్వలేదు. మాట్లాడితే నేను చెప్పలేనని భయం. ఆ రోజు నీ భర్తకు ఫోన్ చేసింది నేను, నీకు శాలువా కప్పుతామని అబద్ధం చెప్పింది నేను, అతనికి నీ సంగతేదీ తెలియదు, నేను పిలిచానని చెప్పొద్దని మాట తీసుకుంది కూడా నేనే అని చెప్పాను. నువ్వు తలుపు దగ్గర అడిగినప్పుడు రాదక్కా అన్నది కూడా తెలిసే అన్నానని చెప్పాను. గిరిధర్ మీద పగ తీర్చుకోవడానికి నిన్ను వాడుకున్నానని చెప్పాను. ఒక్క ఊపిరిలో చెప్పేశాను. క్షమించు అనలేదు. ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

 ఫోన్ ఉందో పోయిందో అని చూసుకున్నాను. ఉంది.  తర్వాత అడిగింది.

"శాలువా కప్పుతారనా తోలుకొచ్చింది?"

"అవునక్కా."

"ఆ పొద్దు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోనొచ్చినాడు. ఏంటికి సోకు అని తిడితిని. నవ్వినాడు."

 ఆమె ఇంకేమీ అడగలేదు. నన్ను తిట్టలేదు, పోనీలే అనలేదు, నా పేరు కూడా ఎత్తలేదు. నాయుడుపేట బస్సు ఎన్ని గంటలకుందో అని పక్కన ఎవరినో అడుగుతున్న ఆమె గొంతు వినిపించింది. ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయినట్టుంది. నేనే పెట్టేశాను.